బాపు క్లారినెట్, అమ్మ పంతం

మా బాపు బాన్సువాడలో ఒక పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. బీర్కూర్ నుంచి పిట్లం దాకా తన వెనక నడవని పెళ్ళికొడుకు లేడని చెప్పుకునేవాడు. చెప్పుకోవడంలో ఆయనకు ఎప్పుడూ దమ్ము తగ్గలేదు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి ఆ బ్యాండును హైదరాబాద్‌కు పిలిపించి రికార్డు చేశారు. అరచేతికన్నా కాస్త పెద్దగా ఉండే నల్లటి రికార్డు అది. దాన్ని వినే మిషన్ మాత్రం మా ఇంట్లో ఏనాడూ లేదు. పెళ్ళయిన కొత్తలో అమ్మ ఒక్కసారి మైకుసెట్టు అద్దెకిచ్చే ఆయన ఇంట్లో విన్నది. పాట చివర్లో క్లారినెట్ మీద ఒక పొడుగాటి దీర్ఘం ఉంటుంది. బయటికి వస్తూనే అమ్మ అన్నదట, "ఆఖరి దీర్ఘం కాడ నీకు దమ్ము అందలే" అని.

"దమ్ము నాది పోలే, మిషన్ది పోయింది" అన్నాడట బాపు.

ఆ కొట్లాట ఆయన పోయేదాకా నడిచింది. కూరలో ఉప్పెక్కువైందని బాపు అంటే, "దమ్ము అందనోళ్ళకు రుచేం ఎరుక" అని అమ్మ అనేది. నా పెళ్ళిచూపుల్లో కూడా ఈ ముచ్చట వచ్చింది. మా ఆయన అప్పుడే లేచి వెళ్ళవలసింది, వెళ్ళలేదు.

బాపు నిరుడు పోయాడు. అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటుంది. ఆమెకు కుడి చెవి ఎప్పుడో వినిపించడం మానేసింది. ఎడమది కూడా తగ్గుతూ వస్తోందని, ఎన్నాళ్ళు పనిచేస్తుందో చెప్పలేమని దవాఖానలో అన్నారు. అమ్మ ఏడవలేదు. ఇంటికొచ్చి రికార్డు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఈ చెవి పోకముందు ఒక్కసారి వినాలె బిడ్డా. నేనన్నది నిజమో కాదో తేలాలె."

బాపు మీద బెంగతో అడుగుతోందనుకుని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాదు, గెలవడానికి అడుగుతోంది.

మా ఆయన ఆన్‌లైన్‌లో అన్నింటికన్నా చవకైన రికార్డు ప్లేయరు తెప్పించాడు. చూడ్డానికి సూట్‌కేసులా ఉంది, స్పీకర్లు కూడా అందులోనే. మా ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టనిదే స్విచ్ వేయం. మిక్సీకి పెట్టాం, ఇన్వర్టరుకు పెట్టాం. అమ్మ మూతకు బొట్లు పెట్టి, "దీంట్ల పాడేది ఏది?" అని అల్లుణ్ణి అడిగింది. ఆయన పెద్దమనిషిలా ముల్లు చూపించాడు. అమ్మ దాని కొసకు తడి కుంకుమ అద్దింది. కొబ్బరి నీళ్ళు తెచ్చి రికార్డు మీద చిలకరించింది. ఆ తర్వాతే పాట పెట్టనిచ్చింది.

ఆ చప్పుడు గురించి ఏం చెప్పను! బాపు దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టుంది. ముల్లు ఎగిరెగిరి పడింది. ఆఖరి దీర్ఘం సాగింది, వణికింది, మునిగింది.

"చూసినవా! దమ్ము అందలే!" అని అమ్మ చప్పట్లు కొట్టింది.

నాకు మండింది. "డోలు సుత వణుకుతుంది గదనే! డోలుకు దమ్మెందుకు?" అన్నాను.

ఆ రోజు నుంచి బాపు తరఫు వకీలును నేనే అయ్యాను. ముందు ముల్లు పని చూశాను. మెత్తటి బ్రష్‌తో వెనక నుంచి ముందుకు మాత్రమే తుడవాలి, అడ్డంగా తుడిస్తే విరుగుతుంది. కుంకుమ పొడిపొడిగా రాలింది. ఇన్వర్టరులో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క సబ్బు చుక్క కలిపి, నడిమి కాగితం తడవకుండా రికార్డును గీతల వెంబడే తుడిచి, నీడలో ఆరబెట్టాను.

ముల్లు ఎగరడం ఆగలేదు. మా ఆయన దాని నెత్తిన రూపాయి బిళ్ళ అంటించాడు. మైకుసెట్టు వాళ్ళు అలాగే చేసేవాళ్ళట. ఆ బరువుకు రికార్డు అరిగిపోతుందని పీకి పారేశాను. అప్పుడు తట్టింది, అసలు దొంగ కింద ఉన్న ఫ్రిజ్జు. అది గుర్రుమన్నప్పుడల్లా ముల్లు ఎగురుతోంది. పెట్టెను ఫ్రిజ్జు మీద పెట్టింది మా ఆయనే.

"ఎత్తు మీదుంటే ఇల్లంత వినిపిస్తదనుకున్న" అన్నాడు. రికార్డు ప్లేయరుకు, గుడి మైకుకు ఆయన దగ్గర ఒకటే లెక్క.

పెట్టెను గోడలోని షాబాదు బండ అరలోకి మార్చాం. పైన నీళ్ళ గ్లాసు పెట్టి, నీళ్ళు ఒక పక్కకు వాలకుండా కింద అట్టముక్కలు దోపాం. రికార్డు తిరిగే పళ్ళెం ఎత్తి చూస్తే దాన్ని తిప్పే రబ్బరు బెల్టు సగం జారి ఉంది, సరిగ్గా ఎక్కించాం. పెట్టెలోని స్పీకర్ల అదురు ముల్లుకే తగులుతోందని తెలిశాక, వైరు లాగి టీవీ దగ్గరి పెద్ద స్పీకర్లకు కలిపాం. అమ్మ ఇదంతా అనుమానంగా చూసింది.

"మీ బాపు దిక్కు సర్దుతుండ్రు మీరిద్దరు" అన్నది.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఎడమ చెవి స్పీకరు వైపు తిప్పుకుని కూర్చుంది. రికార్డు పెట్టాను. కాసేపు చిటపటలు. తర్వాత డోలు, గుండెకు తగిలేంత దగ్గరగా. క్లారినెట్ మీటల మీద బాపు వేళ్ళ టకటక కూడా వినిపించింది. ఆఖరి దీర్ఘానికి ముందు ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. దీర్ఘం మొదలైంది. ఎక్కడా వణకలేదు, తెగలేదు. డోలు ఆగేదాకా నిలిచింది.

మా ఆయన నా వైపు చూసి బొటనవేలు ఎత్తాడు. నేను గెలిచిన సంబరంతో అమ్మ వైపు తిరిగాను.

"మల్ల పెట్టు" అన్నది. పెట్టాను. అయిపోయాక మళ్ళీ పెట్టమన్నది.

"అందింది బిడ్డా" అన్నది చివరికి. "మస్తుగ అందింది. నేనే ఉత్తగ అన్న."

ఎన్నో మాటలు సిద్ధం చేసుకున్నాను. ముల్లు ఎత్తి పక్కన పెట్టాను. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నిరుడు దవాఖానల పండుకున్నప్పుడు అడిగిండు మీ బాపు, 'గిప్పుడన్న ఒప్పుకోరాదే' అని. ముందుగాల ఇంటికి రా, వచ్చినంక ఒప్పుకుంట అన్న."