పెద్దాయన చెవి మిషను

ఆ వీధిలో అందరికీ ఆయన చెవుల బాబాయి. ఆరడుగుల వెడల్పు గది, అద్దాల బల్ల, దాని మీద గోరంత స్క్రూడ్రైవర్లు, ఈగ కాళ్లంత సన్నని బ్రష్షులు. చెవి మిషన్లు బాగుచేయడం ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన పని. మిషను పెట్టుకున్న మొదటి క్షణంలో ఎక్కడో కుళాయి చుక్క పడితే, ముసలివాళ్లు ఉలిక్కిపడి అటు తిరుగుతారు. లోకం ఒక్కో చుక్కగా మళ్లీ వాళ్లలోకి కారడం చూస్తూ బాబాయి భోజనం కూడా మర్చిపోయేవాడు.

ఆయనకూ ఒక బాధ ఉంది. తమ్ముడితో ఆరేళ్లుగా మాటల్లేవు. ఒక పెళ్లిలో బంధువులందరి ముందూ తమ్ముడు, "అన్నయ్య చెవులు బాగుచేస్తాడు గానీ ఎవరి మాటా చెవిన పెట్టడు" అన్నాడు. నవ్వినవాళ్లు సాయంత్రానికి మర్చిపోయారు. బాబాయి మర్చిపోలేదు. తమ్ముడి ఇల్లు నాలుగు వీధుల అవతలే. ఇప్పుడతనికి దూరపు ఊరికి బదిలీ అయింది. ఈ ఆదివారం సాయంత్రమే సామానుతో లారీ బయల్దేరుతుంది.

వెళ్లి మాట్లాడాలా వద్దా అని బాబాయి అడిగేది ప్రార్థన మందిరంలోని పెద్దాయనను. ఎదుటివాడి బాధను చివరి మాట దాకా వినడమే అసలైన ప్రార్థన అని ఆయన బోధ. మందిరం గోడ మీద అడుగెత్తు అక్షరాల్లో రాసి కూడా ఉంది. ప్రతి ఆదివారం పది నుంచి పన్నెండు దాకా, వరసలో వచ్చినవాళ్ల కష్టాలను ఆయన అరమోడ్పు కళ్లతో వింటారు. బాబాయి తమ్ముడి సంగతి ఎన్నిసార్లు చెప్పుకున్నా జవాబు ఒకటే. ఓపిక పట్టమని, కాలమే అన్నీ చక్కబెడుతుందని. బాబాయి ఓపిక పట్టాడు. నశించింది భార్య ఓపిక. అసలా పెద్దాయన వింటున్నాడో కునుకు తీస్తున్నాడో ముందు కనుక్కోమని ఆవిడ అన్నప్పుడల్లా, లెంపలేసుకోమని కసిరేవాడు.

శుక్రవారం మందిరం గుమాస్తా పెద్దాయన మిషను తెచ్చాడు. ఈల వేస్తోందట. గొట్టంలో గులిమి పేరుకుంది. శుభ్రం చేసి, అలవాటుగా కంప్యూటరుకు తగిలించాడు బాబాయి. ఆ రకం మిషను ఏ గంటలో పనిచేసిందో, ఏ గంటలో ఆపేశారో తనలోనే రాసి పెట్టుకుంటుంది.

తెర మీద నీలి పట్టీలు రోజుకొకటి చొప్పున పరుచుకున్నాయి. అన్నీ నిండుగా ఉన్నాయి. ఆదివారం పది నుంచి పన్నెండు దాకా మాత్రం ఖాళీ. ముందు ఆదివారమూ అంతే. ఆ ముందుదీ అంతే. నీలి నదిలో వారానికొక తెల్లటి ఇసుకతిన్నె. పన్నెండు కాగానే మళ్లీ నీలం, అదీ శబ్దం పూర్తిగా పెంచి.

తప్పు కంప్యూటరుదే అనుకుని ఆపి మళ్లీ వెలిగించాడు. వైరు ఊది పెట్టాడు. ఇసుకతిన్నెలు కదల్లేదు. అన్నం క్యారేజీ తెచ్చిన భార్య వెనక నుంచి చూసి, సంగతేమిటని అడిగి, చెప్పాక పకపకా నవ్వింది.

"పోనీలెండి, కునుకైతే తీయట్లేదు. అంత మాట అన్నందుకు నిజంగానే లెంపలేసుకుంటాను."

"బ్యాటరీ ఆదా చేస్తున్నారేమోనే" అన్నాడు బాబాయి. చచ్చిపోయే ముందు నమ్మకం ఇలాగే చిన్నపిల్లలా ముద్దుముద్దుగా మాట్లాడుతుంది.

మిషను తిరిగి పంపించి, ఆదివారం వెళ్లి వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చేసరికి పన్నెండు కావస్తోంది. ఈ సాయంత్రం తమ్ముడు ఊరు వదిలి వెళ్లిపోతున్నాడని చెప్పాడు. ఓపిక పట్టమన్నారు పెద్దాయన. బాబాయి అదే దిగులు గొంతుతో అన్నాడు: "మా వంటింటి బల్లి నన్ను బావా అని పిలుస్తోందండీ అయ్యగారూ."

వెనకున్న ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. పెద్దాయన మెల్లగా తల పంకించి, బాబాయి నెత్తిన చేయి పెట్టారు.

"ఓపిక పట్టు నాయనా. కాలమే అన్నీ చక్కబెడుతుంది."

అప్పుడే గుమ్మంలో వంటమనిషి చేతులు తుడుచుకుంటూ కనిపించాడు. పెద్దాయన చేయి బాబాయి నెత్తి మీంచి లేచి, పిట్టలా తన చెవి వెనక వాలింది. చిన్న చప్పుడు. కూరలో ఇవాళైనా ఉప్పు సరిపోయిందా అని వంటవాణ్ణి అడిగి, ఇటు తిరిగారు.

"ఇంకా ఇక్కడే ఉన్నావా నాయనా? ఏమైనా చెప్పాలా?"

బాబాయి ఆయన చెవి మిషను వంక చూశాడు.

"ఏం లేదండీ. ఈల తగ్గిందా?"

"బ్రహ్మాండం. చీమ చిటుక్కుమన్నా వినబడుతోంది."

బయట ఎండ తెల్లగా ఉంది. కోపం రాలేదు బాబాయికి. నిన్నటిదాకా కొండలా కనిపించిన మనిషి, కూరలో ఉప్పు కోసం బెంగపడే ముసలాయనగా మిగిలాడు, అంతే. దండం పెట్టడానికి చేతులు లేవలేదు. వెళ్లనక్కర్లేదని ఎవరో ఒకరు చెబితే బాగుండునని తనే ఇన్నాళ్లూ ఆ వరసలో నిలబడ్డానేమో అనిపించి, అది మాత్రం సిగ్గుగా తోచింది. ఇంటివైపు వెళ్లే మలుపు దాటేశాడు.

తమ్ముడి గుమ్మంలో లారీ ఆగి ఉంది. తమ్ముడు ఇనుప బీరువాను ఒక్కడే కౌగిలించుకుని గుమ్మం దాటించబోతున్నాడు, చొక్కా అంతా తడిసిపోయి. అన్నను చూసి ఆగాడు. బీరువా బరువు ఎక్కువసేపు ఆగనివ్వలేదు.

"ఆ కొస పట్టుకో అన్నయ్యా. తలుపు ఊడొస్తుంది, చూసుకో."

బాబాయి చొక్కా చేతులు పైకి మడిచి ఆ కొస పట్టుకున్నాడు. తమ్ముడు వెనక్కి నడుస్తుంటే, "మెట్టుంది, మెల్లగా" అన్నాడు.