ఆరో స్థానంలో ఉన్న ట్రాక్

1999 మార్చిలో మెల్‌బోర్న్‌లోని ఒక బీమా కంపెనీలో టెస్ట్ లీడ్‌గా చేరాను. పని వై2కె, అంటే 2000 రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు లెక్కిస్తాయన్న సమస్య. కంప్యూటర్ల గడియారాలను ముందుకు జరిపి, 2000 జనవరి వచ్చేసిందని వాటిని నమ్మించి, పాలసీలు సరిగా నడుస్తున్నాయో లేదో చూడటం మా బాధ్యత. దొరికిన ప్రతి లోపానికీ ఒకటి నుంచి నాలుగు దాకా తరగతి ఇచ్చేవాళ్లం. నాలుగో తరగతి అంటే తెర మీద ఒక అక్షరం పక్కకు జరగడం లాంటిది. ఒకటో తరగతి అంటే పని ఆగిపోవడం. వందల పరీక్షలు నెగ్గినా, ఒకటో తరగతి లోపం ఒక్కటి మిగిలితే సాఫ్ట్‌వేర్ విడుదల ఉండదు. ఆ నిర్ణయ పత్రం మీద సంతకం పెట్టేది టెస్ట్ లీడ్.

నా పైన ప్రాజెక్టు మేనేజరు గ్లెన్, నా కింద తొమ్మిది మంది. వాళ్లలో బషీర్ కర్నూలు నుంచి వచ్చినవాడు, నాకంటే పదేళ్లు చిన్న. ఆ దేశానికి వచ్చిన ఏడాదికే పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొని, సెలవు దొరికితే కొండల్లోకి పోయేవాడు.

ఆ ఏడాది డిసెంబర్ మొదటి తేదీ నుంచి జనవరి సగం దాకా ఎవరికీ సెలవు లేదని కంపెనీ ఉత్తర్వు ఇచ్చింది. ఆలోపే, నవంబర్ చివరి శనివారం, జట్టంతా కుటుంబాలతో ఒకరోజు కొండలకు పోదామని గ్లెన్ అన్నాడు. అంతకు ముందు అలాంటి విహారాలు రెండు జరిగాయి. రెండూ నడక దారులే. నా భార్య శారదకు చిన్నప్పుడు పోలియో వచ్చింది. ఎడమ కాలికి ఇనుప క్యాలిపర్ వేసుకుని, చేతికర్రతో చదునైన నేల మీద కొంత దూరం నడవగలదు. రెండుసార్లూ కారు నిలిపిన చోటే పుస్తకం పట్టుకుని కూర్చుంది. రెండోసారి నేను దిగి వచ్చాక పైన ఏముందని అడిగింది. పెద్దగా ఏమీ లేదు, చెట్లే అన్నాను.

“నాలుగు గంటలసేపు చెట్లే చూశారా? అబద్ధమైనా కాస్త శ్రద్ధగా చెప్పండి,” అంది.

ఆమె నెల్లూరులో పన్నెండేళ్లు భూగోళం చెప్పిన టీచరు. అందుకే ఈసారి గ్లెన్ అడిగినప్పుడు, బండ్లు శిఖరం దాకా ఎక్కే దారి చూద్దామన్నాను. అయితే ఆ దారి నువ్వే ఎంచు, గురువారానికి కాగితం ఇవ్వు అన్నాడు.

నాకు కొండ దారుల్లో బండి నడిపిన అనుభవం లేదు. స్ప్రెడ్‌షీట్ అనుభవం ఉంది. మ్యాన్స్‌ఫీల్డ్ అవతలి కొండల మ్యాపులు కొని, ఒక్క రోజులో వెళ్లి రాగల ట్రాకులు, అంటే అడవి మట్టిదారులు, ఏడు తీశాను. దూరం, వాలు, నేల, దృశ్యం, తిరుగు దారి అనే ఐదు శీర్షికలు పెట్టి, ఒక్కోదానికి ఐదేసి మార్కులు వేసి సగటు కట్టాను. గట్టు మీదుగా పోయే స్పర్ ట్రాక్ మొదటి స్థానంలో వచ్చింది. మంటలార్పే ట్యాంకర్ల కోసం వేసిన ఫైర్ ట్రాక్ ఆరో స్థానంలో పడింది. దారి పొడుగునా పైన్ తోటలే, దృశ్యానికి ఒకటే మార్కు. ఏడోది గేటు వేసి ఉన్న దారి.

మంగళవారం భోజనాల వేళ కాగితం బషీర్‌కు చూపించాను. చదివి, టిఫిన్ డబ్బా మూత పెట్టాడు.

“అన్నా, కాగితం మీద కొండ శానా బాగుందిలే. బండి యాడ ఆగుతాదో అది మాత్రం రాయలా.”

నేలకు మార్కులు వేశాను కదా అన్నాను.

“అది దారి మొత్తానికి కదన్నా. స్పర్ ట్రాక్ పదిహేడు కిలోమీటర్లు నున్నగా ఉంది. చివరాఖర్లో నూరు గజాలు రాళ్ల మెట్లున్నాయి. నువ్వు యావరేజ్ కట్టి నాలుగు మార్కులిస్తివి. బండికి యావరేజ్ తెలుస్తాదా? ఆడ గ్లెన్ బండి కడుపు తగులుతాది. అందరూ దిగి నడవాల్సిందే.”

ఎంత దూరమని అడిగాను.

“ఆడినుంచి పైకి కిలోమీటరున్నర, అంతా ఎక్కుడే. మనకు ఈజీనే. వదిన సంగతేంది మరి? మళ్లీ బుక్ ఇచ్చి కూర్చోబెడతావా?”

ఆఫీసులో ఎవరైనా ఒకటో తరగతి లోపాన్ని సగటులో కలిపి నా ముందు పెట్టి ఉంటే ఆ కాగితం తిప్పి పంపేవాణ్ని. ఆ రోజు ఆ పని చేసింది నేను. పైగా, ఎవరి కోసం ఈ పని నెత్తిన వేసుకున్నానో ఆమెనే కొండ కింద వదిలేసే దారికి మొదటి స్థానం ఇచ్చాను.

ఆ సాయంత్రం ఐదు శీర్షికలూ కొట్టేశాను. ప్రతి ట్రాక్‌కూ ఒక్క ప్రశ్నే మిగిల్చాను: ఇందులో అన్నిటికన్నా కష్టమైన చోటు ఏది, అక్కడ మేం తీసుకెళ్లే మూడు బండ్లలో అన్నిటికన్నా తక్కువ ఎత్తున్న గ్లెన్ బండి దాటుతుందా? మర్నాడు అటవీ కార్యాలయానికి ఫోన్ చేశాను. మాట్లాడినావిడ ట్రాకుల గురించి చెప్పేముందు మీలో అందరికన్నా తక్కువ అనుభవం ఉన్న డ్రైవర్ ఎవరని అడిగింది. ఆ ప్రశ్న నా జాబితాలో లేదు. రాసుకున్నాను. చివరికి ఆమె ఫైర్ ట్రాకే మంచిదంది. బరువైన ట్యాంకరు ఎక్కి, పైన వెనక్కి తిరగాలి కాబట్టి శిఖరం దాకా దారి వెడల్పుగా ఉంటుంది, కొన వరకు చదును చేస్తారు. కష్టమైన చోటు ఒకటే. సగం దారిలో ఒక క్రీకు, అంటే చిన్న వాగు. వాన పడితే పెరుగుతుంది.

గురువారం గ్లెన్‌కు ఇచ్చిన కాగితం ఒక్క పేజీ. దారి, కష్టమైన చోటు, అక్కడ దాటవచ్చో లేదో తేల్చే కొలత, దాటలేకపోతే తిరిగే చోటు. కొలత గ్లెన్ బండి చక్రం నడిబొడ్డు ఎత్తు. నీరు అంతకు మించితే ఎవరూ వాగులోకి దిగరు, మూడు బండ్లూ వెనక్కి. మా విడుదల పత్రాల పద్ధతే ఇది. ముందుకు పోయే షరతు, వెనక్కి వచ్చే దారి ముందే రాసి ఉండాలి. అక్కడికి వెళ్లాక ఆలోచిద్దామనేది మా పనిలో చెల్లదు. జట్టులో కుర్రాళ్లు ఆ దారిని పెన్షనర్ల రోడ్డు అన్నారు. గ్లెన్ నవ్వి సంతకం పెట్టాడు.

శుక్రవారం మధ్యాహ్నం వాన పడింది.

శనివారం ఉదయం ఆరింటికి, రాగలిగినవాళ్లం మూడు బండ్లలో బయల్దేరాం. శారద బషీర్ బండిలో ముందు సీట్లో, మ్యాపు ఒళ్లో పరుచుకుని కూర్చుంది. నేను వెనక. పైన్ తోటలు నేను మార్కు వేసినట్టే ఉన్నాయి. పదకొండు దాటాక క్రీకు దగ్గరికి చేరాం. నీరు గోధుమ రంగులో ఉంది, అడుగు కనిపించడం లేదు.

బషీర్ ఇంజన్ ఆపాడు. “ఏంది వదినా, దిగమందామా అన్నను?” అన్నాడు శారదతో.

నేను కర్ర మీద గ్లెన్ చక్రం ఎత్తుకు చాకుతో గాటు పెట్టి తెచ్చుకున్నాను. దిగబోతుంటే శారద అద్దం దించింది.

“ఏమండీ, లెక్క మీరే పెట్టారు. నా కోసం గాటు జరపకండి.”

జరపనన్నాను. ఆమె ఆ మాట అనేదాకా జరపాలన్న ఆలోచన నాలో ఉందని నాకే తెలియలేదు. ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగాను. చల్లదనానికి పాదాలు తిమ్మిరెక్కాయి. ఒక గట్టు నుంచి రెండో గట్టు దాకా, చక్రాలు పోయే రెండు వరుసల్లోనూ అడుగడుక్కీ కర్ర దించి చూశాను. అడుగున గులకరాళ్లు, గట్టిగానే ఉంది. అన్నిటికన్నా లోతైన చోట నీరు గాటుకు నాలుగు వేళ్లు కింద ఆగింది. అనుమానం తీరక ఆ చోటును రెండోసారి కొలిచాను. అవే నాలుగు వేళ్లు.

చెయ్యి ఎత్తి రమ్మన్నాను. బషీర్ తక్కువ గేరులో, ఆపకుండా, తొందరపడకుండా దాటించాడు. గ్లెన్ మూడోవాడు. నేనున్న అవతలి గట్టు ఎక్కి కిటికీలోంచి నా తడిసిన ప్యాంటు చూసి, పెన్షనర్లకు ఈత కూడా రావాలన్నమాట అన్నాడు.

పైకి పోతుండగా, బండ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే బషీర్ రేడియోలో ఎవరిదో గొంతు వినిపించింది. స్పర్ ట్రాక్ మీద రాళ్ల మెట్ల దగ్గర బండి ఇరుక్కుంది, లాగడానికి ఎవరైనా వస్తారా అని. దగ్గర్లో ఉన్న ఇంకో జట్టు వస్తున్నామంది. బషీర్ శబ్దం పెంచి, వెనక బండ్లలో పెన్షనర్ల రోడ్డు అన్నవాళ్లకు వినిపిస్తోందా అని రేడియోలోనే అడిగాడు.

“వినిపించింది మేట్, ఇంక చాల్లే,” అని గ్లెన్ జవాబిచ్చాడు.

పన్నెండున్నరకు శిఖరం చేరాం. ట్యాంకరు తిరిగే చోటు చదునుగా, మైదానంలా ఉంది. అక్కడి నుంచి అంచు యాభై అడుగులు. శారద కర్ర ఊనుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచింది. మా బండే ముందు చేరింది కాబట్టి అందరికన్నా ముందు అంచు దగ్గర నిలబడింది ఆమే. మిగతావాళ్లు వచ్చేసరికి మ్యాపును గాలికి ఎగరకుండా కర్రతో అదిమి పట్టి ఉంది.

గ్లెన్‌ను పిలిచి దక్షిణాన ఒక పొడుగాటి గట్టు చూపించింది. దానికి ఇవతల పడిన వాన ఉత్తరానికి పారి ముర్రే నదిలో కలుస్తుంది, అవతల పడింది దక్షిణ సముద్రానికి పోతుంది, ఖండం తూర్పు వైపంతా నీళ్లు పంచే గట్టు అదేనని ఇంగ్లీషులో చెప్పింది. గ్లెన్ ఆ రాష్ట్రంలోనే పుట్టినవాడు. అది తనకు తెలియదన్నాడు. ఆమె ఇంకో రెండు లోయల పేర్లు చెప్పమంది. ఒకటి తప్పు చెప్పాడు. నెల్లూరు తరగతి గదిలో మాదిరిగానే ఆమె దిద్దింది. పెన్షనర్ల రోడ్డు అన్న కుర్రాళ్లు శాండ్‌విచ్‌లు పట్టుకుని చుట్టూ చేరారు. దాదాపు గంటసేపు పాఠం సాగింది. నేను కాళ్లు ఆరబెట్టుకుంటూ విన్నాను.

చీకటి పడకముందే మూడు బండ్లూ మెల్‌బోర్న్ చేరాయి. ఏ బండికీ గీత పడలేదు. జనవరి ఒకటిన మా వ్యవస్థలూ ఆగకుండా నడిచాయి. దాని గురించి చెప్పుకోవడానికి అంతకన్నా ఏమీ లేదు, మా పనిలో అదే విజయం.

శారద పోయి ఏడాది దాటింది. ఆ మ్యాపు మీద ఆమె పెన్సిల్‌తో సమయాలు రాసింది. అందుకే ఆ రోజు వేళలు సరిగా చెప్పగలిగాను.

ఆ తర్వాత మరో పదిహేడేళ్లు ఉద్యోగం చేశాను. ఆసుపత్రులకు, బ్యాంకులకు, ఒక రవాణా సంస్థకు పరీక్షా ప్రణాళికలు రాశాను. నా దగ్గరికి వచ్చిన మార్కుల పట్టికల్లో సగటు ఉన్న గడిని ముందు కొట్టేసేవాణ్ని. పని ఎక్కడ ఆగుతుంది, ఆగితే అక్కడ మిగిలిపోయే మనిషి ఎవరు అని అడిగేవాణ్ని. ఈ రెండో ప్రశ్నకు జవాబుగా పేరు చెప్పలేని ప్రణాళిక మీద సంతకం చేయలేదు.