మా అత్త అరచెయ్యి

మా అత్త అనంగనే నాకు ఆమె అరచెయ్యి యాదికొస్తది.

తాండూరు పక్కన యాలాల్ల మాది గొర్లు సాదే ఇల్లు. పుట్టిన గొర్రెపిల్ల కాలెత్తి చూసి ఆడదో మగదో చెప్పుడు ఆమెకు రోజువారీ పని. తాండూరు దవాఖానల అప్పుడే పుట్టిన నా పాపను చూసి మాత్రం, "నాకు తెలుస్తలేదు. పెద్ద డాక్టరమ్మను పిలువుండ్రి" అన్నది. నేను సిగ్గుతోని మొఖం తిప్పుకున్న. డాక్టరమ్మ రాంగనే అత్తనే గుడ్డ విప్పి చూపిచ్చింది.

రక్తపరీక్షలు, స్కానింగు అయినంక డాక్టరమ్మ చెప్పింది: "ఆడపిల్లే. లోపల గర్భసంచి ఉంది. కిడ్నీల మీదుండే గ్రంథులు కడుపులో ఉన్నప్పుడే మగ హార్మోన్ ఎక్కువ చేశాయి. అందుకే బయటి భాగం పెద్దగా, వేరేగా ఉంది. మందు ఒక్కరోజు కూడా ఆపొద్దు, ప్రాణానికే ముప్పు."

పాపను తొట్లెల ఏసిననాడు, దవాఖాన ముచ్చట ఇన్న చుట్టాలొచ్చిండ్రు. అత్త ఆడిబిడ్డ పాప గుడ్డ మీద చెయ్యేసి, "ఒక్కసారి కాలెత్తి చూస్తే ఆడదో మగదో తెలుస్తది గదా వదినె" అన్నది.

అత్త అరచెయ్యి ఆ గుడ్డ మీద గట్టిగ పడ్డది.

"కాలెత్తి చూడనికి నా మనుమరాలు గొర్రెపిల్లనా? చూడాల్సినామెకు నేనే విప్పి చూపిచ్చిన. మందు నడుస్తున్నది. నువ్వు మొఖం చూడు."

అందరు మొఖమే చూసిపోయిండ్రు.

ఇప్పుడు అత్త లేదు. పాప బడికి పోతది, మందు తనే అడిగి ఏసుకుంటది. మొన్న తానం చేస్తుంటే నేను ఊరికెనే తలుపు తీసిన. "ఆగమ్మా" అని అరచెయ్యి అడ్డం పెట్టింది.

నేను తలుపు దగ్గరికేసి బయటనే నిలబడ్డ.