పదిహేడో నంబరు దీపం

గని పైన దీపాల గదిలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న ఆమెను అందరూ దీపాలమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు హాజరు వేసే గుమాస్తాకైనా గుర్తుందో లేదో. ఆ గదిలో గోడ పొడవునా కొక్కేలు, కొక్కేనికో నంబరు, నంబరుకో దీపం. పొద్దున్నే గనిలోకి దిగేవాళ్లు వరసగా కిటికీ దగ్గరికొస్తే ఎవరి దీపం వాళ్లకు అందిస్తుంది. దాన్ని టోపీకి తగిలించుకుని, బ్యాటరీ నడుముకు కట్టుకుని దిగిపోతారు. షిఫ్టు అయ్యాక తెచ్చిస్తే మళ్లీ ఛార్జింగుకు పెడుతుంది. కొక్కెం ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా నేల కిందే ఉన్నాడన్నమాట. మొహాలైనా మరిచిపోతుందేమో గానీ నంబర్లు మరిచిపోదు. పెళ్లిపందిట్లో కనబడ్డవాణ్ణి కూడా "ఏం ముప్పైమూడూ, భోంచేశావా?" అని పలకరించే రకం.

పదిహేడు ఆమె తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్లు, ఆమెకు పదహారు. చంకనేసుకుని పెంచింది. ఇప్పుడు ఆరడుగుల మనిషైనా, కిటికీ దగ్గరికి రాగానే వాడు తల వంచుతాడు. టోపీకి దీపం అక్కే తగిలించాలి. వెనక నిలబడ్డవాళ్లు "పాలు కూడా పట్టి పంపమ్మా" అని ఏడిపించేవారు. వాడికి సిగ్గుండేది కాదు, ఆమెకు అంతకన్నా లేదు.

ఆ రోజు పొద్దున పదిహేడో దీపం సరిగా ఛార్జి కాలేదు. వెలిగిస్తే పచ్చగా, నీరసంగా వెలిగింది. విడిగా ఉంచే దీపాలన్నీ రిపేరుకు వెళ్లాయి. పైవరసలో నలభయ్యో నంబరు మాత్రం నిండుగా ఛార్జయి ఉంది. అది కబుర్ల మామది. ఏడాదిలో రిటైరు కాబోయే మనిషి, నోరు తెరిస్తే మూసేవాడు కాదు. ఆ రోజు తనకు సెలవని ముందురోజే చెప్పాడు. దీపాలమ్మ ఆ నలభై తీసి తమ్ముడి టోపీకి తగిలించింది. అలా మార్చినప్పుడు పుస్తకంలో రాయాలి. రాస్తే, ఛార్జింగు ఎందుకు చూసుకోలేదని సూపర్‌వైజరు ప్రాణం తీస్తాడు. సాయంత్రానికి ఎక్కడివక్కడికి చేరతాయి కదా అని రాయలేదు.

తీరా ఆఖరి బ్యాచి దిగబోతుండగా మామ ఊడిపడ్డాడు.

"ఇంట్లో కూర్చుంటే మీ అత్త బూజులు దులపమంటోందే. దానికంటే గనే నయం!"

దీపాలమ్మ నాలిక్కరుచుకుని పదిహేడు అందించింది.

"ఇదేంటే, మిణుగురు పురుగునిచ్చావు?"

"ఈ పూటకి సర్దుకో మామా. నీది మావాడికిచ్చేశాను."

"అదృష్టవంతుడు. నాకూ ఓ అక్క ఉంటే ఎంత బావుండేది!" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక లోపల పైకప్పు కూలింది. సైరన్ మోగింది. పైకొచ్చినవాళ్లు దుమ్ము కొట్టుకుపోయిన దీపాలు ఒక్కొక్కటే కిటికీలో పెట్టారు. ఆమె వాటిని వేటి కొక్కేనికి అవి తగిలించింది. చివరికి రెండు కొక్కేలు ఖాళీగా మిగిలాయి. పదిహేడు, నలభై.

మామ భార్య చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ గది మెట్ల మీద కూలబడ్డారు.

"ఏం కాదులేవే," అంది అత్త, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని. "మీ మామ నోరు తెలుసుగా. రాళ్లు కూడా విసుగెత్తి వదిలేస్తాయి."

దీపాలమ్మకు నవ్వు రాలేదు. తమ్ముడి దగ్గర మంచి దీపం ఉంది, వాడికి దారి కనబడుతుంది, అనుకుంది. మరుక్షణం ఒళ్లు కంపరమెత్తింది. ఆ గుడ్డి దీపంతో లోపల ఉన్నది, ఇప్పుడు తన చెయ్యి పట్టుకున్న మనిషి మొగుడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది, ఆపుకుంది. మామ పైకి రానీ, ఇద్దరి కాళ్లూ పట్టుకుని చెబుతాను అనుకుంది. సూపర్‌వైజరు గదిలో ఫోను మోగినప్పుడల్లా ఇద్దరూ లేచి నిలబడేవారు, మళ్లీ కూర్చునేవారు. ఎవరో ఇచ్చిన మంచినీళ్ల గ్లాసు రెండు గంటలైనా దీపాలమ్మ చేతిలో అలాగే ఉంది.

నాలుగున్నరకి సూపర్‌వైజరు కాగితం పట్టుకుని బయటికొచ్చాడు. లోపల వెతుకుతున్నవాళ్లు పక్క గని నుంచి వచ్చారు. వాళ్లకి ఇక్కడి మొహాలు తెలియవు, ఆ మసిలో తెలిసినవాళ్లకైనా తెలియవు. అందుకని దీపాల నంబర్లే ఫోన్లో చెప్పారు.

"పదిహేడు దొరికాడు. స్పృహ లేదు గానీ ఊపిరుంది. తెస్తున్నారు."

"మీ తమ్ముడు బతికాడే, దీపాలమ్మా!" జనం సంతోషంతో కేకలు పెట్టారు. అందరికంటే ముందు ఆమెను వాటేసుకున్నది అత్తే. "నే చెప్పలా!" అంది. దీపాలమ్మ 'కాదు' అనబోయింది. అప్పటికే సూపర్‌వైజరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నలభై... లేడు."

మెడ చుట్టూ ఉన్న అత్త చేతులు అలాగే జారిపోయాయి. జనమంతా అత్త చుట్టూ మూగారు. దీపాలమ్మ వైపు ఎవరూ చూడలేదు, ఆమెకు వచ్చింది మంచి కబురు కదా. నిజం తెలిసింది తనొక్కదానికే. తను నోరు విప్పనంతసేపూ ఇంతమంది దృష్టిలో తమ్ముడు బతికే ఉంటాడు. ఇంకొక్క నిమిషం ఉండనీ దేవుడా, అనుకుంది. ఇంకొక్క నిమిషం.

అత్త తల నేలకేసి కొట్టుకుంది. ఆ చప్పుడుకి దీపాలమ్మ మోకాళ్ల మీద కూలబడి, అత్త నుదుటి కింద తన అరచెయ్యి పెట్టింది.

"లే అత్తా. మామ బతికాడు. పదిహేడు మామ దగ్గరుంది. పొద్దున నేనే మార్చాను."

అత్తకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. తడి మొహం మీదికి నవ్వు రాబోయి, సగంలో ఆగిపోయింది.

"మరి నలభై... ఎవరికిచ్చావే?"

"వాడు తల వంచాడత్తా," అంది దీపాలమ్మ. "నా చేత్తోనే తగిలించాను."