గ్రైండర్‌లో భీమమ్మ

సోమవారం పొద్దున వనపర్తిలోని ఒక ప్రైవేటు ల్యాబులో, నూనె శాతం తేల్చడానికి వచ్చిన పల్లీల శాంపిల్ చట్నీ అయింది. ఉప్పు లేదు, మిరపకాయలు లేవు. తక్కిన విషయాల్లో వంక పెట్టడానికి వీల్లేని చట్నీ. పాన్‌గల్ నుంచి ఆ పల్లీలు తెచ్చిన రైతు రాములు గ్రైండర్ గిన్నెలోకి తొంగి చూసి, "ఇడ్లీ గూడ ఇస్తరా సార్?" అని మర్యాదగానే అడిగాడు.

మేనేజర్ నిరంజన్ గబుక్కున గిన్నె మీద మూత పెట్టాడు. బటన్ నొక్కింది ఆయనే.

ల్యాబు టెక్నీషియన్ సుమన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నవ్వు ఆపుకోవడానికి ఆమెకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

ఆ గ్రైండర్‌కు జ్ఞాపకశక్తి ఉంది. ఎంత వేగంగా, ఎంతసేపు తిరగాలో ఒకసారి చెప్పి, పేరు పెట్టి దాచుకుంటే, మళ్లీ ఆ పేరు నొక్కగానే అదే తీరున తిరుగుతుంది. సుమన పల్లీల కోసం ఒకటి దాచింది. కాస్త తిరగడం, ఆగడం, మళ్లీ కాస్త తిరగడం. అది తన అత్త భీమమ్మ తీరు. పల్లీల పొడి కొట్టేటప్పుడు భీమమ్మ రెండు పోట్లు వేసి రోకలి ఎత్తి పట్టుకుంటుంది, అడుగున ఉన్నది చేత్తో పైకి తిప్పుతుంది. "ఆగకుంట దంచితే నూనె రోలే తాగుతది బిడ్డా, మనకేం మిగుల్తది?" అంటుంది. ల్యాబులోనూ అంతే. నూనె గిన్నెకు అంటుకుపోతే శాతం తక్కువ పడుతుంది, రైతు పంట నాసిరకమైపోతుంది. అందుకే ఆ ప్రోగ్రాంకు 'భీమమ్మ' అని పేరు పెట్టింది.

మక్కలైనా జొన్నలైనా పల్లీలైనా ఒకటే ప్రోగ్రాం ఉండాలన్నది నిరంజన్ సిద్ధాంతం. ఆయన సాయంత్రం భీమమ్మను చెరిపేవాడు. సుమన పొద్దున్నే మళ్లీ దాచేది. చివరికి, "ఇంకోసారి పెట్టినవంటే పనికి రాకు" అన్నాడు. తన ప్రోగ్రాం గొప్ప చూపిద్దామని సోమవారం తనే గ్రైండర్ ముందు నిలబడ్డాడు. ఆ తర్వాతిదే చట్నీ.

"గిది జూసి నా పంట మంచిగ లేదని రాస్తరా సార్?" రాములు గొంతులో ఇప్పుడు వేళాకోళం లేదు.

సుమన లేచింది. గిన్నె కడిగి తుడిచి, సంచిలో మిగిలిన పల్లీలు పోసి, భీమమ్మను మళ్లీ ఎక్కించసాగింది.

"నేనేం జెప్పిన సుమనా?"

"ఇన్న సార్. రావద్దంటే రేపటి సంది రాను. ఈయన పల్లీల పని మాత్రం ఇయ్యాల్టిదే."

గ్రైండర్ కాస్త తిరిగింది, ఆగింది, ఊపిరి పీల్చుకున్నట్టు మళ్లీ తిరిగింది. మూత తీస్తే పొడి ఇసుకలా జారింది. నిరంజన్ చూశాడు, దగ్గాడు, ఫోన్ వచ్చినట్టు హడావిడిగా బయటికి వెళ్లాడు. ఫోన్ బల్ల మీదే ఉంది.

మరునాడు సుమన ఎప్పటిలాగే పనికి వచ్చింది. వద్దని ఎవరూ అనలేదు. కానీ గ్రైండర్ తెర మీది పేర్లు చదివి నిరంజన్ కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"మిషన్ల మనుషుల పేర్లేంది? సరే, భీమమ్మ ఉండనీ. పాత ప్రోగ్రాంకు నా పేరెందుకు పెట్టినవ్?"

"ఎవరికన్న చట్నీ గావాలంటే ఎతుక్కునే పనుండొద్దు గద సార్!"