మేనమామ మీద పూసిన గులాబీ

ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి మేనమామను నేను మాయం చేశాను. మంత్రగాణ్ణి కాదు, వీడియోవాణ్ణి. కంప్యూటర్ ముందు కూర్చుని, టీ తాగుతూ, తీరిగ్గా చేశాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ క్యాసెట్‌ను తీసుకెళ్ళి ఆ మేనమామకే వేసి చూపించాను. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ రోజు బొమ్మనహళ్ళిలో ఆ ఇంటి గుమ్మం నా కుర్చీకి ఎన్ని అడుగుల దూరంలో ఉందో కళ్ళతోనే కొలుచుకున్నాను.

రోగం నాది కాదు, కాలానిది అని చాలాకాలం నన్ను నేను సమర్థించుకున్నాను. తొంభైల మొదట్లో అనంతపురం నుంచి బెంగళూరు వచ్చి పెళ్ళి వీడియోలు మొదలుపెట్టినప్పుడు నా భుజం మీది కెమెరా బియ్యం మూటలా ఉండేది. దాని మీద చేయి కుదిరేలోపే చిన్నది వచ్చింది. చిన్నది కొన్నాను. దాని బటన్లన్నీ నేర్చుకునేలోపే డిజిటల్‌ది వచ్చింది. ఇక నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు. పక్కవీధి స్టూడియోవాడు ఏం కొన్నాడో చూడ్డానికి వాడి షాపు ముందు నుంచి రోజుకు నాలుగుసార్లు పనిలేకపోయినా నడిచేవాణ్ణి. మిగతా ఇళ్ళల్లో భార్యలు భోంచేశారా అని అడుగుతారు. మా రాధ మాత్రం నా మొహం చూసి, "ఈ వారం ఏం మారింది?" అని అడిగేది.

రెండువేల సంవత్సరం వచ్చిన కొత్తలో ఎడిటింగ్ కంప్యూటర్‌లోకి మారింది. అంతకుముందు రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టుకుని, ఒకదాంట్లో ప్లే, ఇంకోదాంట్లో రికార్డు నొక్కుతూ అతికించేవాళ్ళం. మధ్యలో ఒక్క ముక్క వద్దనుకుంటే అక్కణ్ణుంచి అంతా మళ్ళీ చేయాలి. అందువల్ల ఆ రోజుల్లో పెళ్ళికి వచ్చినవాడు వచ్చినట్టే క్యాసెట్‌లో ఉండిపోయేవాడు. కంప్యూటర్‌లో అలా కాదు, మౌస్‌తో ఒక్క నొక్కు నొక్కితే ముక్క పోతుంది. కంప్యూటర్ల బజారు ఎస్పీ రోడ్డు నుంచి ఆ పెట్టెను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. తెచ్చిన రోజు నుంచీ ఎవర్నో ఒకర్ని తీసేయాలని నా వేళ్ళు ఒకటే దురద.

అప్పుడు దొరికాడు నారాయణప్ప. హోసూరు రోడ్డులో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. తాతల నాడే బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఆయన కూతురి పెళ్ళికి వీడియో నాదే. ఆయన భార్య తమ్ముడు గంగులప్పకు నగర్తపేటలో బటన్ల అంగడి. ఈ బావాబామ్మర్దులకు పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఏదో నామకరణంలో గంగులప్పకు మొదటి పంక్తిలో ఆకు వేయలేదట. ఆ ఆకు వేయనందుకు పదకొండేళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. ఇప్పుడు అక్క వెళ్ళి ఏడ్చి, మేనమామ లేకుండా పెళ్ళికూతుర్ని బుట్టలో ఎవరు మోసుకొస్తారని అడిగితే గంగులప్ప దిగొచ్చాడు. వచ్చాడు గానీ బావతో నేరుగా మాట్లాడలేదు. మండపంలో ఇద్దరి మధ్యా నేను నిలబడి ఉన్నాను.

"అక్షింతలు యాడుండాయని ఆయన్ని అడుగప్పా," అనేవాడు గంగులప్ప, మూరెడు దూరంలో ఉన్న బావను చూపించి.

"పురోహితుని పక్కన ఉండాయని చెప్పప్పా," అనేవాడు నారాయణప్ప, నావైపు చూస్తూ.

నేను కెమెరా దించి ఆ కబురు అటూ ఇటూ మోశాను. ఆ ఒక్క పూటలో ఆ కుటుంబ రాజకీయమంతా నాకు పూర్తిగా అర్థమైపోయిందనుకున్నాను. నా పతనం అక్కడే మొదలైంది.

పెళ్ళయిన నాలుగోరోజు నారాయణప్ప ఫోన్ చేశాడు.

"ఎడిటింగ్ మొదలుపెట్టినావా అప్పా?"

"ఈ రోజే కూర్చున్నాను. కంప్యూటర్‌లో. మామూలుగా కాదు."

"మా బామ్మర్ది ఉండేదంతా తీయప్పా. యాడయాడ ఉండాడో బాగా చూసి తీయాల. ఒక్కటీ విడవద్దు."

"ఒక్కటీ విడవను. మీరు నిశ్చింతగా ఉండండి."

"ఆయప్పకు మాత్రం ముందే చెప్పొద్దు. క్యాసెట్ వేసినప్పుడు చూస్తాడు."

ఎంత పగ, ఎంత పథకం అనుకున్నాను. మా పనిలో తీయడం అనే మాటకు రెండే అర్థాలు. కెమెరా పట్టుకున్నప్పుడు తీయమంటే షూట్ చేయమని. ఎడిటింగ్‌కు కూర్చున్నాక తీయమంటే కోసేయమని. ఫోన్ వచ్చింది ఎడిటింగ్ బల్ల దగ్గరికి. ఇక సందేహం ఎందుకు?

రాధకు మాత్రం వచ్చింది. "మేనమామను తీసేయమంటారా ఎవరైనా? ఒకసారి ఫోన్ చేసి అడగరాదా?"

"అడిగితే మనకు పని రాదనుకుంటారు," అన్నాను. "అయినా నీకు వాళ్ళ సంగతి తెలీదు."

అయిదు రోజులు కష్టపడ్డాను. మామూలు చోట్ల గంగులప్పను కోసేయడం సులువే. బుట్ట దగ్గర వచ్చింది చిక్కు. బుట్ట మోసేదే ఆయన. ఆయన్ను తీస్తే పెళ్ళికూతురు మండపానికి ఎలా వస్తుంది? అందుకని తెరంతా నీళ్ళు నింపి, నీళ్ళ మధ్య తామరపువ్వు విప్పి, అందులోంచి పెళ్ళికూతుర్ని నేరుగా పీటమీదికి దించాను. అది చూసుకుని నాకే కళ్ళు చెమర్చాయి. అందరూ వరసగా నిలబడ్డ చోట ఆయన్ను కోయడం కుదరక, ఆయన ముఖం మీద ఒక పెద్ద గులాబీ పూయించాను. ఆయన కదిలితే గులాబీ కూడా కదిలేలా చేయడానికే ఒకటిన్నర రోజు పట్టింది. ఇంత పనితనం ఆ కాలంలో బెంగళూరులో ఇంకెవరి దగ్గరా లేదని ఇప్పటికీ నా నమ్మకం.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నారాయణప్ప ఇంట్లో క్యాసెట్ వేశాను. ఇంటినిండా బంధువులు. ముందు వరసలో గంగులప్ప, తెల్లచొక్కా, నుదుటిన విభూతి. బావ కబురు పెడితే పదకొండేళ్ళ తర్వాత ఆ గడప తొక్కి వచ్చాడు. ఆ వరసకు ఆ చివర నారాయణప్ప, సస్పెన్స్ దాచుకోలేక మీసాల్లో నవ్వుకుంటున్నాడు. ఆ నవ్వును నేను పగ అనుకున్నాను.

నీళ్ళొచ్చాయి. తామరపువ్వు విచ్చుకుంది. పెళ్ళికూతురు పీటమీద దిగింది. ఎవరో పెద్దావిడ దండం పెట్టింది. గంగులప్ప మాత్రం ముందుకు వంగాడు.

"బుట్ట యాడ?"

కొంతసేపటికి గులాబీ వచ్చింది. వరసలో అందరి మధ్యా నిలబడి, కాస్త వంగి, పెళ్ళికొడుకు మీద అక్షింతలు వేసింది.

"ఆ పువ్వు కింద ఉండే పంచె నాది," అన్నాడు గంగులప్ప.

ఆయన లేచాడు. లేచి, నన్ను కాదు, నేరుగా నారాయణప్పను చూశాడు.

"అర్థమాయె బావా. బుట్ట మోసేదానికి నేను కావల్ల. క్యాసెట్‌లో నేను ఉండగూడదు. ఇది చూపించేదానికి ఇంటికి పిలిపించినావు."

వాళ్ళక్క చెంగు నోట్లో కుక్కుకుంది. నారాయణప్ప మొహం పాలిపోయింది. ఆయన గుడ్లప్పగించి ఒకసారి టీవీని, ఒకసారి నన్ను చూశాడు.

"ఏం చేసినావప్పా?"

"మీరు చెప్పినట్టే చేశానండీ. మీ బామ్మర్ది ఉన్నదంతా తీయమన్నారు, ఒక్కటీ విడవొద్దన్నారు. తీశాను."

"తీయమంటే?" అన్నాడు నారాయణప్ప. "బీరువాలో చీర తీయమంటే చీర కావల్లనిగదా తీస్తారు? చీర పారేస్తారా? గంగులు ఉండేదంతా వేరేగా తీస్తే ఆయప్పకని ఒక క్యాసెట్ చేపిద్దామనుకుంటి. పదకొండేండ్లకు వచ్చినాడు. బిడ్డను మోసినప్పుడు ఆయప్ప ఏడుస్తా ఉన్నాడు, నేను చూసినా. నోటితో చెప్పేదానికి నాకు సిగ్గు. క్యాసెట్ ఇస్తే తెలుస్తాది అనుకుంటి."

ఆ మాటలు పూర్తయ్యేసరికి ఆయన కూడా ఏడుస్తున్నాడు. గంగులప్ప నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. మంచి ఎడిటర్నని అయిదు రోజులు నన్ను నేనే మెచ్చుకున్న సిగ్గు ఒకవైపు, ఆ పెద్దమనిషి మూటకట్టి దాచుకున్న ప్రేమను నేను కోసి పారేసిన బాధ ఇంకోవైపు. "టేపులు అలాగే ఉన్నాయండీ, వేరే పెళ్ళికి వాడలేదు, మీరు అడిగినట్టే చేసిస్తాను," అని గొణిగాను. ఎవరూ నావైపు చూడలేదు.

చివరికి గంగులప్ప నోరు విప్పాడు. "బావా, ఈయప్పకు పని చెప్పేముందు తెలివి ఉండాదా లేదా అని చూసుకోవల్లగదా?"

"ఉండాదనుకుంటి గంగులూ," అన్నాడు నారాయణప్ప కళ్ళు తుడుచుకుంటూ. "కంప్యూటర్ ఉండాది గదా అని."

"కంప్యూటర్ ఉండాది. మనిషే గాడిద."

"గాడిదే."

పదకొండేళ్ళ తర్వాత బావాబామ్మర్దులు మొదటిసారి ఒక మాట మీద నిలబడ్డారు. ఆ మాట నా గురించి కావడం నా అదృష్టం. ఆ తర్వాత అరగంటసేపు ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని, ఒకరికొకరు మాటలు అందించుకుంటూ నన్ను తిట్టారు. గంగులప్ప అక్క మధ్యలో ముగ్గురికీ కాఫీ ఇచ్చింది. నా గ్లాసు కొంచెం గట్టిగా పెట్టింది.

కాబట్టి ఇది చదువుతున్న మీ అందరి ముందూ, నేను కొన్న, కొనబోయే ప్రతి యంత్రం మీదా చేయివేసి గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరు "తీయప్పా" అన్నా, ఉంచుకోవడానికా, పంపించేయడానికా అని నోరు తెరిచి అడగనిదే మౌస్ ముట్టను. ఏ పెళ్ళిలోనూ, ఎంత ముచ్చటపడినా సరే, మనిషి ముఖం మీద పువ్వులు పూయించను.