నలభై గుర్రాల కోసం విజయనగరం

మా అన్నయ్య రాఘవ ఒక పాత విలాయతీ కారును రెండేళ్ళ పాటు విప్పి, బిగించి, మళ్ళీ విప్పి చివరికి నడిచేలా చేశాడు. ఆ కారు మూలంగానే కిందటి డిసెంబరులో నేను మొదటిసారి ఒంటరిగా రైలెక్కి విజయనగరం వెళ్ళాను.

విజయనగరంలో లారీలున్న ఒక నాయుడు గారు తన షెడ్డుకు పెద్ద మెకానిక్కు కావాలని వెతుకుతున్నారు. అన్నయ్య వెళ్ళి, తన ఇంజను కొత్తలో ఎంత లాగేదో ఇప్పుడూ అంతే లాగుతుందనీ, అది నలభై హార్స్‌పవర్ అనీ చెప్పి వచ్చాడు. నాయుడు గారు, "నలభై అన్నావు కాబట్టి నలభై సూపించు. సూపిస్తే షెడ్డు తాళం నీ సేతిలో ఎడతాను. లేదంటే ఇంకెప్పుడూ ఇటు రాకు" అన్నారట. ఇటు మా నాన్న తను పనిచేసే నౌపడ ఉప్పు కొఠారు ఆఫీసులో అన్నయ్య కోసం ఒక గుమస్తా కుర్చీ మాట్లాడి ఉంచారు. నాయుడు గారు కాదంటే కారు అమ్మేసి ఆ కుర్చీలో కూర్చోవాలని ఒప్పందం. అన్నయ్య ఒప్పుకున్నాడు గాని, ఆ రోజు నుంచి కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోతున్నాడు.

హార్స్‌పవర్ కొలిచే యంత్రం మా ప్రాంతంలో ఎక్కడా లేదు. ఒక పాత విలాయతీ మోటారు పత్రికలో అన్నయ్య ఒక పద్ధతి చూశాడు. బండిని, నడిపే మనిషిని కలిపి తూయాలి. ఆగి ఉన్న బండి పావు మైలు పరిగెత్తడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. బరువు, సమయం తెలిస్తే ఒక సూత్రం ప్రకారం హార్స్‌పవర్ వస్తుంది. మా ఇంట్లో లాగరిథం పట్టిక తెరిచేది నేనొక్కదాన్నే. లెక్కలు ప్రధానంగా బీయస్సీ పూర్తి చేసి ఏడాదిగా ఇంట్లో ఉన్నాను. సూత్రం నాకు అర్థమైంది. దానిలో గుర్రం ఎక్కడుందో మాత్రం అర్థం కాలేదు.

బరువు తగ్గించాలని అన్నయ్య కారులో వెనక సీటు ఊడదీసి మా వసారాలో పెట్టాడు. తన పక్క సీటూ తీసేశాడు. నాకు కూర్చునే చోటు లేదు కనక తను ముందు రోజే కారులో వెళ్ళిపోయాడు. నేను మర్నాడు ఉదయం ఆరు గంటల పాసింజరులో బయలుదేరాను. నాన్న నన్ను ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కించి, ఎండుచేపల తట్టతో కూర్చున్న ఒకావిడకు అప్పగించారు.

"మా అమ్మాయికి మాట్లాడ్డం తక్కువమ్మా. కాస్త సూసుకో."

"నాకు ఎక్కువేలే బాబూ, సరిపోతాది" అంది ఆవిడ.

తిలారు దాటేదాకా ఆవిడ తన కోడలి సంగతులన్నీ చెప్పింది. శ్రీకాకుళం రోడ్డులో రైలు చాలాసేపు ఆగింది. టీ తాగి, ఒళ్ళో పట్టిక తెరిచి, వంద పౌన్లు ఎన్ని కిలోలో చూసుకుంటున్నాను. పత్రికలో సూత్రం పౌన్లలో ఉంది, విజయనగరంలో లారీలు తూచే కాటా కిలోలలో తూస్తుంది. పావు మైలంటే ఎన్ని మీటర్లో ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వచ్చింది.

"ఏటి సదువుతన్నావమ్మా, దండకమా?" అని ఆవిడ అడిగింది.

"లెక్కలు" అన్నాను.

"తప్పు రాకుండా దండం ఎట్టుకో మరి" అని ఆవిడ పొందూరులో దిగిపోయింది. నేను నిజంగానే దండం పెట్టుకున్నాను. ఎవరికో ఆలోచించలేదు.

చీపురుపల్లి మీదుగా విజయనగరం చేరేసరికి పదిన్నర అయింది. స్టేషన్లో రెండు ఇడ్లీలు తిన్నాను. అన్నయ్య రాలేదు. కాటా దగ్గరే ఉంటాడని తెలుసు కనక జట్కా మాట్లాడుకున్నాను. స్టేషను నుంచి కాటాకు ముప్పావలా అడుగుతారు, కొత్తవాళ్ళు ఆ మేరకు ఉంచుకోవచ్చు. దారిలో గుర్రం వెనక కూర్చుని ఎంతసేపు బిగబట్టుకున్నానో, చివరికి అడిగేశాను.

"ఒక గుర్రం ఎంత బరువు లాగుతుందండీ?"

జట్కావాడు వెనక్కి తిరిగి చూశాడు. "ఉలవలెట్టిన రోజునా, ఎట్టని రోజునా?"

సూత్రంలో ఉలవల సంగతి లేదు.

ఆ కాటా గోగునార గోదాముల పక్కన ఉంది. లారీలు, నాటుబళ్ళు ఎక్కి నిలబడేంత పెద్ద ఇనప పలక, దాని పక్కన చిన్న గది. అన్నయ్య అప్పుడే కారు కడిగి తెచ్చాడు. నీళ్ళు ఇంకా కారుతున్నాయి.

"ఇంత శుభ్రం ఎందుకన్నయ్యా?"

"మట్టి బరువు కాదేటే? ఒక్క పౌను కూడా ఎక్కువుండకూడదు" అన్నాడు. 

అన్నయ్య లోపల కూర్చునే ఉండగా కాటా గుమస్తా బండి చుట్టూ ఒకసారి తిరిగి, తడి బానెట్టు మీద అరచెయ్యి వేసి చూసి, గదిలోకి వెళ్ళి కాటా చూసుకుని వచ్చాడు. "తొమ్మిదొందల తొంభై" అన్నాడు. నేను రాసుకున్నాను. అన్నయ్య ముఖం వెలిగింది, ఇంకా ఎక్కువ ఉంటుందని భయపడ్డాడట.

అక్కడి నుంచి ఊరి బయటి మైదానానికి వెళ్ళాలి. యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన పొడుగాటి సిమెంటు బాట అది. అన్నయ్య పక్కన గోనెసంచి పరిచి నన్ను కింద కూర్చోబెట్టాడు. నా తల కిటికీ అంచుకు కూడా అందలేదు. అందుకని ఆ దారిలో చూడదగ్గవి ఏమున్నాయో రాయలేను. తాటిచెట్ల తలలు, తంతి తీగలు కనిపించాయి.

మైదానం చేరేసరికి పన్నెండు దాటింది. నాయుడు గారు అప్పటికే తన జీపులో వచ్చి ఉన్నారు. తెల్లటి పంచె, చేతిలో బళ్ళో డ్రిల్లు మాస్టారి దగ్గర అడిగి తెచ్చిన స్టాప్‌వాచీ. బాట మీద సగం దూరం ఎవరో ఉలవలు ఆరబోశారు. కాపలా ఉన్న ముసలమ్మ తీయనంది.

"ఇది విమానాల రోడ్డమ్మా" అని అన్నయ్య బతిమాలాడు.

"విమానం వచ్చినప్పుడు తీస్తాను బాబూ" అంది. చివరికి నాయుడు గారే వంగి ఒక కొస పట్టుకుంటే అందరం కలిసి ఉలవలు పక్కకు నెట్టాం.

సర్వే గొలుసుతో ఇరవై గొలుసుల దూరం కొలిచి సున్నం గీతలు వేశారు. నేను మొదటి గీత దగ్గర చేతిరుమాలు దించాలి, నాయుడు గారు చివరి గీత దగ్గర వాచీ నొక్కాలి. నా రుమాలు ఆయన కంటికి ఆనదని పైట కొంగు ఊపమన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను గాని ఊపాను. కారు ముందుకు దూకింది. పొగ, ఇంజను చప్పుడు. మూడుసార్లు పరిగెత్తించారు. మూడుసార్లూ ఇరవై మూడు సెకన్లకు రవ్వంత తక్కువే వచ్చింది.

వేడి బానెట్టు మీద పట్టిక పెట్టుకుని లెక్క కట్టాను. ముప్పై ఆరు వచ్చింది. మళ్ళీ కట్టాను. ముప్పై ఆరే. పౌన్లలో తప్పు చేశానేమోనని కిలోల నుంచి మొదలుపెట్టాను. ముప్పై ఆరు. అన్నయ్య నా భుజం మీంచి చూస్తున్నాడు.

"ఏటే, ఎంత?"

కాగితం చూపించాను.

నాయుడు గారు మమ్మల్ని ఊళ్ళోని తన ఆఫీసుకు తీసుకెళ్ళారు. అక్కడ పిడి తిప్పితే గుణించే యంత్రం ఒకటి ఉంది. కలకత్తా నుంచి తెప్పించారట. దాని ముందు నన్ను కూర్చోబెట్టారు. అంకెలు పెట్టాను, ఆయన పిడి తిప్పారు, లోపల పళ్ళు కరకరలాడాయి, గంట మోగింది. ముప్పై ఆరుకు వెంట్రుకవాసి తక్కువ. నా లెక్కే తప్పయితే బాగుండునని అంత గట్టిగా నేనెన్నడూ కోరుకోలేదు. ఇంజను గురించి అన్నయ్య అబద్ధం చెప్పడు. యంత్రమూ చెప్పదు. రెండూ నిజమెలా అవుతాయో నాకు బోధపడలేదు.

"నాలుగు గుర్రాలు ఎక్కడికి పోనాయి రాఘవా?" అన్నారు నాయుడు గారు. కోపంగా కాదు. అదే ఇంకా బాధనిపించింది. "ఇంజను మంచిదే. నీ మాటే దానికన్నా పెద్దది. నా లారీలు కొండలెక్కి దిగుతాయి. ఉన్నదెంతో తెలిసి సెప్పినోడు కావాల నాకు. ఇక ఎల్లిపోండి."

అన్నయ్య నన్ను స్టేషనుకు చేర్చడానికి బండి తీశాడు. "నాన్నకి నువ్వే సెప్పే" అన్నాడు కాసేపటికి.

దారిలో కాటా ముందు గోగునార బళ్ళు అడ్డం నిలిచి మేం ఆగిపోవలసి వచ్చింది. ఒక రైతు కాటా గుమస్తాతో గొడవపడుతున్నాడు.

"ఎండిన నారకి పదికొకటి తరుగేటి? నా బండి నార తడిసిందా, నీ కళ్ళు తడిసినాయా?"

"ఒరే మావా, నార తేమ పీల్చుకుంటాదా లేదా? అందరికీ పదికొకటే."

నేను గోనెసంచి మీద కూర్చుని వింటున్నాను. పదికొకటి. నలభైలో పదికొకటి తీస్తే ముప్పై ఆరు. అదే సమయానికి బరువు తక్కువ వేస్తే సూత్రంలో హార్స్‌పవరూ అదే మేరకు తగ్గుతుంది. తలుపు తీసుకుని దిగాను. అంతమంది మగవాళ్ళ మధ్య నుంచి నడిచి వెళ్ళి ఆ గుమస్తా ముందు నిలబడ్డాను.

"పొద్దున్న మా కారు తూచారు కదండీ. దానికీ తరుగు తీశారా?"

"తియ్యనా మరి?" అన్నాడు ఆయన, ఆశ్చర్యంగా. "కాటా ఎక్కిందేదైనా తరుగు తీసే సెప్తాను. మీ బండి సెయ్యెట్టి సూసినాను కదమ్మా, తడి కారతన్నాది."

రైతులు నవ్వారు. నాకు మొదట నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. అన్నయ్యకు చెబితే తల అడ్డంగా ఊపాడు.

"వద్దే. ఓడిపోయి సాకులెట్టుకొచ్చినాడంటారు. పద, రైలు పోతాది."

"నేను చెబుతాను" అన్నాను. అది నేనే అన్నానా అని ఇప్పటికీ అనుమానం.

మేం తిరిగి ఆఫీసుకు వెళ్ళేసరికి నాయుడు గారు భోజనానికి లేవబోతున్నారు. గుమ్మంలో నిలబడి, "బండికి తరుగు తీశారండీ" అన్నాను. ఆయనకు వినబడలేదు. రెండోసారి అరిచినట్టు అన్నాను. ఆయన బల్ల మీద చరిచి నవ్వారు.

"నా లారీల్లో నారకి తీస్తాడు సరే, ఆడి సెయ్యి కారుని కూడా ఒగ్గనేదా!"

అయినా మాట మీద నమ్మలేదు. భోజనం మానేసి మాతో కాటాకు వచ్చి, పలక పక్కన నిలబడి, "ఒరే, ఉన్నదున్నట్టు సెప్పు" అన్నారు. పదకొండు వందల కిలోలు. ఈసారి లెక్క పైకి చదువుతూ కట్టమన్నారు. అంకెలు ఒక్కొక్కటే చదివాను. నలభైకి రవ్వ తక్కువ దగ్గర ఆగింది.

"రవ్వ తగ్గిందండీ" అన్నాను.

"ఆ రవ్వ నేనే తరుగు తీసుకుంటానులే" అని ఆయన అన్నయ్య వైపు తిరిగారు. "రేపు పొద్దున్నే మూడు లారీలు విప్పాల. ఊరికెల్లి మళ్ళీ రావడం దేనికి? ఉండిపో."

అన్నయ్య స్టేషనుకు వచ్చి నన్ను సాయంత్రం పాసింజరు ఎక్కించాడు. రైలు కదులుతుంటే కిటికీ పక్కనే నడుస్తూ ఏదో చెప్పాడు, చక్రాల చప్పుడులో వినబడలేదు. ముఖం చూస్తే ఆకలేస్తోందన్నట్టు ఉంది.

దారి పొడుగునా ఆలోచించాను. నలభై వచ్చిందని సంతోషించాను గాని, ఎదురుగాలి వీస్తే ఎంత వచ్చేది? సూత్రం రాసినవాడు ఎలాంటి రోడ్డు చూసి రాశాడు? గుర్రం అంటే ఏమిటో పొద్దున ఎంత తెలుసో ఇప్పుడూ అంతే తెలుసు. మీలో ఎవరైనా బండి పట్టుకుని ఆ కాటాకు వెళితే, ముందు పొడిగుడ్డతో తుడిచి, తరుగు వద్దని చెప్పి మరీ ఎక్కించండి. ఈ ప్రయాణంలో నేను నిస్సందేహంగా చెప్పగలిగింది అదొక్కటే.

నౌపడలో దిగేసరికి చీకటి పడింది. నాన్న ప్లాట్‌ఫారం మీద ఒక్కరే ఉన్నారు.

"ఆడేడీ?"

"రాడు నాన్నా. నలభై వచ్చింది. షెడ్డులోనే ఉండమన్నారు."

నాన్న సంతోషించారో లేదో చీకట్లో తెలియలేదు. నా చేతి సంచీ తీసుకుని నడుస్తూ, "మరి మా ఆఫీసోళ్ళకేటి సెప్పాల? ఆ కుర్చీ ఖాళీగా ఉంచమన్నాను కదే" అన్నారు.

"నేను కూర్చుంటాను" అన్నాను.

ఆయన ఆగలేదు, నా వైపు చూడలేదు. స్టేషను గేటు దాటి రోడ్డెక్కాం, ఉప్పు మడుల గాలి ముఖానికి తగిలింది.

"పొద్దున్నే లెగగలవేటి మరి?" అన్నారు.